దత్తత ఆలస్యమైనప్పుడు: దేనికి ఓర్చుకోవాలి, దేన్ని అడగాలి, దేనికి ఏడవాలి

దత్తత ఫైలు నెలల తరబడి కదలకపోతే సంఘంలో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది: "దేవుని సమయం ఇంకా రాలేదేమో సిస్టర్." చెప్పేవాళ్లు ప్రేమతోనే చెబుతారు. వినేవాళ్లకు మాత్రం అది వేరేగా తగులుతుంది. మనలో ఏ లోపం చూసి దేవుడు ఆపాడు? అడగకూడనిది అడిగామా? ఇంకా గట్టిగా ప్రార్థించి ఉంటే ఈపాటికి కదిలేదా? అమెరికాలో మా తెలుగు ప్రార్థన కూటంలో ఇండియా నుంచి దత్తతకు ఎదురుచూసిన దంపతుల్ని దగ్గరగా చూశాక, ఈ విషయాన్ని విడమరిచి రాయాలనిపించింది. మనం ఆలస్యం అని ఒక్క మాటలో తేల్చేస్తున్నది నిజానికి మూడు వేర్వేరు సంగతులు. ఒకటి, బిడ్డ క్షేమం కోసం చట్టం కావాలని పెట్టిన గడువు. ఇంకొకటి, ఆఫీసుల్లో జరిగే జాప్యం. మూడోది, కొన్నాళ్లు ఆలస్యంలా కనిపించి చివరికి మూసుకుపోయే తలుపు. మూడింటికీ ఒకే ఓదార్పు చెబితే, ఓర్చుకోవాల్సిన చోట కోపం వస్తుంది, అడగాల్సిన చోట నోరు మూసుకుంటాం.

ఫైలు నడిచే దారి

అమెరికాలో ఉన్న తెలుగు దంపతులు ఇండియా నుంచి బిడ్డను దత్తత తీసుకోవాలనుకున్నారనుకోండి. రెండు దేశాలూ 1993 నాటి హేగ్ దత్తత ఒప్పందంలో, అంటే ఒక దేశం పిల్లల్ని ఇంకో దేశంవాళ్లు దత్తత తీసుకోవడానికి నియమాలు పెట్టిన ఒప్పందంలో ఉన్నాయి. ఇండియాలో అది 2003 నుంచి, అమెరికాలో 2008 నుంచి అమల్లో ఉంది. కాబట్టి ఊళ్లో తెలిసినవాళ్ల ద్వారా బిడ్డను చూసుకుని, కాగితాలు రాయించుకుని విమానం ఎక్కించడం కుదరదు. అక్క కూతురినో తమ్ముడి కొడుకునో హిందూ దత్తత చట్టం కింద తీసుకుని, రిజిస్టర్ చేయించిన దస్తావేజు పట్టుకుని ఎంబసీ దాకా వెళ్లి అక్కడ ఇరుక్కుపోయిన కుటుంబాలు మనవాళ్లలో ఉన్నాయి. ఆ దస్తావేజు ఒక్కటే చూసి దత్తత వీసా ఇవ్వరు. పైగా 1956 నాటి ఆ చట్టం క్రైస్తవులకు వర్తించదు. మనకున్న దారి పిల్లల సంరక్షణకు ఉన్న జువెనైల్ జస్టిస్ చట్టమే.

ముందు అమెరికాలో గుర్తింపు ఉన్న ఏజెన్సీ తరఫున సోషల్ వర్కర్ ఇంటికి వస్తారు. జీతం, ఆరోగ్యం, కాపురం, పిల్లల్ని ఎలా పెంచుతారు, కోపం వస్తే ఏం చేస్తారు, అన్నీ అడిగి హోమ్ స్టడీ రాస్తారు. ఇమిగ్రేషన్ శాఖ వేలిముద్రలు తీసుకుని, దత్తతకు మీరు తగినవాళ్లేనని అనుమతి ఇస్తుంది. తర్వాత ఆ కాగితాలు ఢిల్లీలోని కేంద్ర దత్తత వనరుల సంస్థకు, అందరూ కారా అనే సంస్థకు, దాని కేరింగ్స్ పోర్టల్ ద్వారా చేరతాయి. ఎన్నారైలనూ ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నవాళ్లనూ అక్కడ దేశంలోని దంపతులతో సమానంగా చూస్తారు. అంటే వాళ్లతో పాటే క్యూలో నిలబడాలి.

క్యూ ఎంత పొడవో తెలుసుకోవడం మంచిది. ఎదురుచూస్తున్నవాళ్లు 30 వేలకు పైనే. చట్టపరంగా దత్తతకు సిద్ధంగా ఉన్న పిల్లలు రెండు వేల పైచిలుకు. ఆ పిల్లల్లోనూ చాలామంది కాస్త ఎదిగినవాళ్లు, లేదా వైద్యపరంగా ప్రత్యేక అవసరాలున్నవాళ్లు. 2024–25లో దేశమంతటా కలిపి జరిగిన దత్తతలు 4,515. అదే అప్పటికి చాలా ఏళ్లలో ఎక్కువ. ఆరోగ్యంగా ఉన్న పసిబిడ్డ కోసం మూడేళ్లు, మూడున్నరేళ్లు పట్టిందంటే అందులో ఎవరి పాపమూ లేదు. లెక్కే అలా ఉంది. ఈ మాట ప్రతి పాస్టర్ గారికీ తెలిసి ఉంటే ఎంతమంది ఆడవాళ్లు రాత్రిళ్లు తమను తాము నిందించుకోవడం మానేసేవారో.

బిడ్డ ఫొటో, వైద్య నివేదిక వచ్చాక ఇంకో రకం నిరీక్షణ మొదలవుతుంది. అమెరికా ఎంబసీ ఒక లెటర్ ఇవ్వాలి. దాని తర్వాత కారా ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం. ఆ తర్వాత జిల్లాలో దత్తత ఉత్తర్వు. మళ్లీ కారా నుంచి హేగ్ సర్టిఫికెట్, బిడ్డకు పాస్‌పోర్టు, చివరికి వీసా. ఒకటి వస్తేగానీ రెండోదానికి అప్లై చేయలేరు. ఈ దశ మొదటిదానికంటే బాధగా ఉంటుంది, ఎందుకంటే ఇప్పుడు ఎదురుచూస్తున్నది ఎవరి కోసమో తెలుసు. మా కూటంలో ఒక సిస్టర్‌కు శిశుగృహ నుంచి వచ్చే ప్రతి రిపోర్టులో ముందుగా కళ్లు వెళ్లేది బరువు రాసిన గడి మీదకే. ఒకసారి 9 కిలోల 200 గ్రాములు. తర్వాతి రిపోర్టులోనూ అంతే. "ఎదిగే వయసులో రెండు నెలలు బరువు పెరగలేదంటే ఏమైనట్టు అక్కా?" అని ఆమె అడిగింది. జలుబు చేసి ఉంటుందిలే అన్నాను. ఆమెకు కావాల్సింది నా జవాబు కాదు, ఆ పిల్లను ఎత్తుకుని చూసుకోవడం.

కావాలని పెట్టిన గడువు

బిడ్డ శిశుగృహలో చేరగానే దత్తతకు ఇచ్చేయరు. దొరికిన బిడ్డ అయితే తల్లిదండ్రుల కోసం పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి, పోలీసుల ద్వారా విచారించాలి. రెండేళ్లలోపు బిడ్డకు రెండు నెలల్లో, అంతకన్నా పెద్ద బిడ్డకు నాలుగు నెలల్లో బాలల సంక్షేమ సమితి తేల్చాలి. తల్లే స్వయంగా అప్పగించిన బిడ్డ అయితే, మనసు మార్చుకోవడానికి ఆమెకు 60 రోజులు ఉంటాయి. ఇవన్నీ అయ్యాకే ఆ బిడ్డ పేరు పోర్టల్‌లోకి వస్తుంది. బయట నుంచి చూసేవాళ్లకు ఇదంతా అనవసరమైన తంతులా కనిపిస్తుంది. శిశుగృహలో పిల్లలు మగ్గిపోతుంటే ఇంకా ఎంక్వైరీలేంటి అని మన సంఘాల్లో కూడా అంటారు.

ఈ మాట తెలుగువాళ్లం అనకూడదు. 1990ల చివర్లో మన దగ్గర పని చాలా వేగంగా జరిగింది. నల్గొండ లాంటి జిల్లాల లంబాడీ తండాల నుంచి ఆడపిల్లల్ని దళారులు కొన్ని వందలకో వేలకో కొని హైదరాబాద్‌లోని కొన్ని దత్తత సంస్థలకు చేర్చేవారు. అక్కడ కాగితాల మీద తల్లి ఇష్టపూర్వకంగా అప్పగించినట్టు రాసేవారు. విదేశాల్లో బిడ్డ కోసం కన్నీళ్లతో ప్రార్థించే దంపతులకు ఆ కాగితాలు నిజమైనవిగానే చేరేవి. 1999లో ఒకసారి, 2001లో మరోసారి ఇది బయటపడింది. కేసులు పెట్టారు, అరెస్టులు జరిగాయి, తల్లిదండ్రులు బిడ్డను అప్పగించే పద్ధతినే ప్రభుత్వం 2001లో నిలిపేసింది. అప్పటికే పిల్లలతో మ్యాచ్ అయిన విదేశీ కుటుంబాల ఫైళ్లు కోర్టుల్లో చిక్కుకుపోయాయి. వాళ్లలో చాలామంది ఏ తప్పూ చేయనివాళ్లే.

అలబామాలో న్యాయశాస్త్రం బోధించే డేవిడ్ స్మోలిన్ కుటుంబం 1998లో ఆంధ్రప్రదేశ్ నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్లను దత్తత తీసుకుంది. స్మోలిన్ క్రైస్తవుడు. ఇల్లు కావాల్సిన పిల్లలకు ఇల్లు ఇస్తున్నామనుకున్నారు. పిల్లలు ఇంటికి వచ్చాక తెలిసింది, వాళ్లను శాశ్వతంగా వదులుకోవాలని ఆంధ్రలో ఉన్న తల్లి అనుకోనే లేదు. ఆ కుటుంబం విషయాన్ని కప్పిపుచ్చలేదు. ఏళ్లపాటు వెతికి ఆ తల్లి జాడ తెలుసుకుంది. స్మోలిన్ ఆ తర్వాత తన పరిశోధనలో చాలా భాగం దత్తత పేరుతో జరిగే పిల్లల అక్రమ రవాణా మీద పెట్టాడు. నాకు తెలిసి దత్తత గురించి మాట్లాడే విశ్వాసులందరూ ముందు వినాల్సిన అనుభవం ఆయనది.

మోషే కథను మనం ఫరో కుమార్తె వైపు నుంచి ప్రకటిస్తాం. నదిలో జమ్ముపెట్టె దొరకడం, ఆమెకు జాలి కలగడం, బిడ్డ రాజభవనం చేరడం. మోషే తల్లి యోకెబెదు వైపు నుంచి చదివితే అదే కథలో ఒక తల్లి గత్యంతరం లేక బిడ్డను నీళ్ల ఒడ్డున వదిలింది, ఏం జరుగుతుందో చూడమని కూతురు దూరంగా నిలబడింది. మీరు ఎదురుచూస్తున్న ఆ 60 రోజులు అచ్చంగా అలాంటి తల్లికి ఇచ్చినవి. ఆమె కూడా ప్రార్థిస్తూ ఉండవచ్చు. బహుశా మీ ప్రార్థనకు ఎదురుగా ఉన్న ప్రార్థన ఆమెది. ఆ రోజుల్లో "ప్రభువా, త్వరగా" అని ప్రార్థించడం కన్నా "ప్రభువా, నిజం బయటికి రానివ్వు" అని ప్రార్థించడం కష్టం. అయినా అదే సరైన ప్రార్థన అని నేను గట్టిగా నమ్ముతున్నాను. తల్లి తిరిగి వచ్చి బిడ్డను తీసుకెళ్తే ఆ ప్రార్థనకు జవాబు వచ్చినట్టే, మన గుండె పగిలినా సరే.

ఆఫీసు జాప్యం

రెండో రకం ఆలస్యానికి ఇంత గౌరవం ఇవ్వనక్కర్లేదు. 2022 సెప్టెంబర్ 1 దాకా దత్తత ఉత్తర్వులు కోర్టులు ఇచ్చేవి. ఆ రోజు నుంచి ఆ అధికారం జిల్లా మెజిస్ట్రేట్లకు, అంటే మన కలెక్టర్లకు వెళ్లింది. పని త్వరగా జరగాలనే మార్చారు. కానీ అప్పటికే కోర్టుల్లో నడుస్తున్న కేసుల్ని ఏం చేయాలన్న గందరగోళంలో దేశమంతటా ఎన్నో ఫైళ్లు మధ్యలో ఆగాయి. కొన్ని చోట్ల విచారణకు తేదీ ఇచ్చాక కూడా మళ్లీ మొదటికొచ్చాయి. చట్టం ప్రకారం దరఖాస్తు వచ్చిన రెండు నెలల్లో ఉత్తర్వు రావాలి. ఎన్నికలు, వరదలు, బదిలీల మధ్య కలెక్టరేట్‌లో ఒక సన్నని ఫైలు ఎక్కడ ఉంటుందో మనకు తెలియంది కాదు.

ఇక్కడ ఆలస్యం ఇంకో ఆలస్యాన్ని పుట్టిస్తుంది. అమెరికా ఇచ్చిన అనుమతి 15 నెలలే చెల్లుతుంది. అది దాటితే మళ్లీ ఫారం, మళ్లీ వేలిముద్రలు. ఇల్లు మారినా ఉద్యోగం మారినా హోమ్ స్టడీ అప్‌డేట్ చేయించాలి, దానికి మళ్లీ ఫీజు. ఒక దేశంలో కాగితం వచ్చేలోపు ఇంకో దేశంలో కాగితం గడువు తీరిపోతుంది.

ఈ దశలో ఊరుకుని కూర్చోవడాన్ని చాలామంది విశ్వాసం అనుకుంటారు. లూకా సువార్త 18వ అధ్యాయంలో యేసు ప్రార్థన గురించి చెప్పిన ఉపమానంలో ఉన్నది ఒక విధవరాలు, ఒక అన్యాయస్థుడైన న్యాయాధిపతి. ఆమె మాటిమాటికీ ఆయన దగ్గరికి వెళ్లింది. విసుగు పుట్టేదాకా వెళ్లింది. విసుకక ప్రార్థన చేయాలని చెప్పడానికి ప్రభువు ఎంచుకున్న మనిషి ఆఫీసు చుట్టూ తిరిగిన ఆడమనిషి. కాబట్టి గడువు తేదీలన్నీ ఒక చోట రాసుకోండి. 15 నెలలు ముగియడానికి 90 రోజుల ముందు నుంచే పొడిగింపుకు తీసుకుంటారు, ఆ రోజు రాగానే పెట్టండి. ఏజెన్సీని ఫోన్లో "ఏమైనా తెలిసిందా అండీ" అని అడిగితే "చూస్తున్నాం" అనే జవాబే వస్తుంది. ఏ ఆఫీసులో ఉంది, ఏ తేదీ నుంచి ఉంది, తర్వాత ఎవరి సంతకం కావాలి అని మెయిల్‌లో అడిగితే రాతపూర్వకంగా జవాబు ఇవ్వాల్సి వస్తుంది. అమెరికా ఇమిగ్రేషన్ వైపు ఆగితే అమెరికా కాంగ్రెస్‌లో మీ నియోజకవర్గం సభ్యుడి ఆఫీసు ద్వారా విచారించవచ్చు. ఆ పనికి అక్కడ ప్రత్యేకంగా సిబ్బంది ఉంటారు. ఇండియా వైపు జిల్లా బాలల పరిరక్షణ విభాగం నుంచి కారా దాకా ఏజెన్సీ చేత అడిగించవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం జాగ్రత్త. "కొంచెం ఖర్చు పెడితే ఫైలు కదులుతుంది సార్" అనేవాళ్లు ఎదురవుతారు. అలసిపోయిన సమయంలో అది దేవుడు తెరిచిన దారిలా కూడా కనిపిస్తుంది. కాదు. అలాంటి చెల్లింపు బయటపడితే వీసాయే ఆగిపోతుంది, బిడ్డ మళ్లీ మొదటికొస్తుంది. తండాల్లో జరిగినదంతా కూడా ఇలాంటి కొంచెం ఖర్చులతోనే మొదలైంది.

తలుపు మూసుకుపోతే

2013 సెప్టెంబర్‌లో కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం దత్తత పిల్లలకు దేశం దాటే పర్మిట్లు ఇవ్వడం ఆపేసింది. అక్కడి కోర్టుల్లో దత్తత పూర్తయి, చట్టప్రకారం తల్లిదండ్రులైనవాళ్లు కూడా పిల్లల్ని తెచ్చుకోలేకపోయారు. రెండేళ్లు దాటాక 2015 చివర్లో కొందరు, 2016లో మరెందరో పిల్లలు ఇళ్లకు చేరారు.

చైనా విషయం ఇలా ముగియలేదు. 1992 నుంచి లక్షా 60 వేలకు పైగా చైనా పిల్లలు విదేశీ ఇళ్లకు వెళ్లారు, వాళ్లలో సగానికి పైగా అమెరికాకే. 2020 మొదట్లో కోవిడ్ వచ్చేసరికి వందలాది అమెరికా కుటుంబాలకు పిల్లలతో అప్పటికే మ్యాచ్ అయి ఉంది. పేర్లు, ఫొటోలు చేతిలో ఉన్నాయి. చాలామంది పిల్లలు సర్జరీలు అవసరమైనవాళ్లు. కొన్ని నెలలే అనుకున్నారు. నాలుగేళ్లకు పైగా గడిచాక, 2024 సెప్టెంబర్ 5న చైనా విదేశాంగ శాఖ ప్రతినిధి మావ్ నింగ్ ఇక విదేశీ దత్తతలు ఉండవని ప్రకటించారు. దగ్గరి రక్తసంబంధీకుల పిల్లలకు, జీవిత భాగస్వామి పిల్లలకు మాత్రమే మినహాయింపు. ఇథియోపియా కూడా 2018లో విదేశీ దత్తతను నిషేధించింది. రష్యా 2013 నుంచి అమెరికన్లకు పిల్లల్ని ఇవ్వడం ఆపింది.

కాంగో కుటుంబాన్నీ చైనా కుటుంబాన్నీ ఇరవయ్యో నెలలో పక్కపక్కన నిలబెడితే ఎవరి బిడ్డ వస్తుందో ఎవరూ చెప్పగలిగేవారు కాదు. ఇద్దరి ఇళ్లలోనూ ఉపవాసాలు జరిగాయి. ఇద్దరికీ "వాగ్దానం" అంటూ ఎవరో ఒకరు వాక్యం పంపారు. బిడ్డ వచ్చినవాళ్ల విశ్వాసం గొప్పదని, రానివాళ్లది తక్కువని అంటే అది అన్యాయం. బీజింగ్‌లో ఒక ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాన్ని టెక్సాస్‌లోని ఒక తల్లి ప్రార్థన బలానికి కొలతగా పెట్టకూడదు. అందుకే ఎదురుచూసే దంపతులకు "తప్పకుండా వస్తుంది, నమ్మండి" అని మాట ఇవ్వొద్దని సంఘ పెద్దలను బతిమాలుతున్నాను. ఆ మాట మనది కాదు, ఇచ్చే హక్కు మనకు లేదు.

అయితే ఆ ఇరవయ్యో నెలలో విశ్వాసంతో ఏం చేయాలి? ఆ బిడ్డ మన ఇంటికి వచ్చినా రాకపోయినా ఆమెకు మేలు చేసే పనులు చేయాలి. ఆమె పేరు పెట్టి ప్రార్థించాలి. చూసుకునే ఆయాల కోసం కూడా ప్రార్థించాలి, వాళ్ల చేతుల్లోనే కదా ఆమె ఉంది. రిపోర్టులో ఉన్న జబ్బు గురించి డాక్టర్ దగ్గర వివరంగా తెలుసుకోవాలి. నిజంగానే తలుపు మూసుకుపోతే ఏడవాలి. కనని బిడ్డ కోసం దుఃఖమేంటి అనేవాళ్లుంటారు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అన్న పదమూడవ కీర్తన దేవుని వాక్యంలోనే ఉంది. దాన్ని బయటికి చదవడం అవిశ్వాసం కాదు. కూటంలో ఆ సిస్టర్‌తో కలిసి ఆ కీర్తన చదివిన రోజున, చాలా నెలల తర్వాత మొదటిసారి ఆమె గొంతు విప్పి ఏడ్చింది. అంతకుముందు అందరం కలిసి ఆమెను ధైర్యంగా ఉండమని చెప్పి చెప్పి మౌనంగా ఉంచేశాం.

సంఘం చేయగలిగినవి

ప్రతి ఆదివారం "ఏమైనా తెలిసిందా" అని అడగకండి. తెలిస్తే వాళ్లే చెబుతారు. హోమ్ స్టడీ రెన్యువల్‌కు ఫీజు ఎంత అయిందో అడిగి అందులో కొంత పంచుకోండి. ముఖ్యంగా బిడ్డ ఫొటోను ప్రార్థన గ్రూపు వాట్సాప్‌లో పెట్టకండి, ఆరాధనలో తెర మీద చూపించకండి. సంరక్షణలో ఉన్న పిల్లల ఫొటో గానీ గుర్తింపు గానీ బయటపెడితే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా పడవచ్చు. శిక్ష సంగతి పక్కన పెట్టినా, అది ఆ పిల్ల ముఖం. ఆమె అనుమతి లేకుండా మూడు వందల మంది ఫోన్లలోకి వెళ్లకూడదు.

దంపతులకు ఇంకొక్క మాట. ఈ ఆలస్యంలో పోగైన కాగితాల్లో ఏదీ పారేయకండి. బాలల సంక్షేమ సమితి ఇచ్చిన ఉత్తర్వు, బిడ్డ గురించిన నివేదిక, బరువులు రాసిన ఆ వైద్య రిపోర్టులు, శిశుగృహతో నడిచిన మెయిళ్లు, అన్నీ ఒక ఫైల్లో తేదీల ప్రకారం పెట్టండి. దత్తత వెళ్లిన పిల్లలు తమ మూలాలు తెలుసుకోవాలనుకుంటే, 18 ఏళ్లు నిండాక తామే దరఖాస్తు చేసుకునే వీలు మన నిబంధనల్లో ఉంది. అంతకన్నా చిన్న వయసులో పెంచిన తల్లిదండ్రులతో కలిసి పెట్టుకోవచ్చు. ఏ ఊళ్లో, ఏ తేదీన, ఎవరి చేతికి దొరికానో ఆమె అడిగినప్పుడు ఆ ఫైలు తీసి ఆమె ముందు పెట్టగలగాలి.